కలర్ జిరాక్స్ యంత్రం కడుపులో ఏముంది? మన కాగితాలు దుకాణంలో మిగిలిపోతున్నాయా?

ఒకప్పుడు పట్టా నకలు కావాలంటే రైతు జిల్లా కేంద్రానికి పోవలసి వచ్చేది. పొద్దుటి బస్సుకు పోతే సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాడు. ఇప్పుడా బాధ లేదు. మండల కేంద్రంలో బస్సు దిగగానే తహశీల్దారు కార్యాలయం ఎదుట ఒకటి, బ్యాంకు పక్కన ఒకటి, కాలేజీ గేటు దగ్గర ఒకటి చొప్పున జిరాక్స్ దుకాణాలు కనిపిస్తున్నాయి. వాటిలో చాలాచోట్ల రంగుల ప్రతులు తీసే యంత్రాలూ వచ్చాయి. పెళ్లి శుభలేఖ మొదలు పట్టాదారు పాసుపుస్తకం వరకు, పిల్లల మార్కుల జాబితా మొదలు ఆధార్ కార్డు వరకు అన్నీ ఆ యంత్రం గుండా పోవలసిందే.

అయితే ఆ యంత్రంలో ఏం జరుగుతున్నదీ తెలిసినవారు తక్కువ. అద్దం మీద కాగితం బోర్లించి మీట నొక్కితే నకలు వస్తుంది, అసలు కాగితం మన చేతికి తిరిగి వస్తుంది, అక్కడితో వ్యవహారం ముగిసిందని అందరూ అనుకుంటారు. కాని నేటి కలర్ జిరాక్స్ యంత్రం వట్టి అద్దం కాదు. అదొక కంప్యూటరు. చదువుతుంది, గుర్తుంచుకుంటుంది, తీగ ద్వారా బయటి యంత్రాలతో మాట్లాడుతుంది. కనుక మన కాగితం ఆ యంత్రంలో మిగిలిపోతుందా, అది ఇచ్చిన నకలులో అంకెలన్నీ సరిగానే ఉంటాయా, బయటివాడెవడైనా అందులో చొరబడగలడా అన్న మూడు ప్రశ్నలూ పాసుపుస్తకం ఉన్న ప్రతి కుటుంబానికీ సంబంధించినవే.

పాత యంత్రానికి జ్ఞాపకం లేదు

ఈ పొడి నకళ్ల విద్యను కనిపెట్టినవాడు అమెరికాకు చెందిన చెస్టర్ కార్ల్‌సన్. పేటెంట్ల కాగితాలకు నకళ్లు రాయించలేక విసిగిపోయిన ఆయన, న్యూయార్క్‌లోని ఆస్టోరియా అనే పేటలో చిన్న గది అద్దెకు తీసుకుని ప్రయోగాలు చేశాడు. 1938 అక్టోబర్ 22న గంధకం పూసిన జింకు పలక మీద మొదటి నకలు తీశాడు. ఆ నకలు మీద ఉన్నది ఆనాటి తేదీ, ఆ పేట పేరు మాత్రమే. అది వ్యాపారానికి పనికివచ్చే యంత్రంగా మారడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1959లో వచ్చిన జిరాక్స్ 914తో కార్యాలయాల తీరే మారిపోయింది. ఆ కంపెనీ పేరే మన ఊళ్లలో నకలుకు పేరైపోయింది.

ఆ పాత యంత్రాలలో కాగితం మీద పడ్డ వెలుగు తిరిగి నేరుగా గుండ్రని డ్రమ్ము మీద పడేది. డ్రమ్ముకు పొడి అంటుకునేది, పొడి కాగితానికి ఎక్కేది. డ్రమ్ము తుడుచుకుపోతే బొమ్మ కూడా పోయేది. నిన్న ఎవరి కాగితం తీశారో ఆ యంత్రానికి గుర్తుండే వీలే లేదు.

తరువాత వచ్చిన డిజిటల్ యంత్రాలతో కథ మారింది. 1987లో కానన్ కంపెనీ కలర్ లేజర్ కాపియర్‌ను బజారులోకి తెచ్చింది. ఈ తరహా యంత్రాలు ముందు కాగితాన్ని చదివి అంకెలుగా మార్చుకుంటాయి, ఆ తరువాతే ముద్రిస్తాయి. చదవడానికీ ముద్రించడానికీ నడుమ ఆ బొమ్మ ఎక్కడో ఒకచోట నిలవాలి. నేటి చిక్కులలో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

లోపలి అమరిక ఇలా ఉంటుంది

కలర్ జిరాక్స్ యంత్రాన్ని నాలుగు భాగాలుగా అర్థం చేసుకోవచ్చు. మొదటిది పైన అద్దం కింద ఉండే స్కానర్. ఇది యంత్రానికి కన్ను వంటిది. కాగితం మీద దీపం నడిపించి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులుగా ప్రతి చుక్కనూ చదువుతుంది. రెండోది కంట్రోలర్. ఇది మెదడు. ఇందులో ప్రాసెసర్, మెమరీ, చాలా పెద్ద యంత్రాలలో హార్డ్ డిస్కు ఉంటాయి. స్కానర్ చదివిన వెలుగు లెక్కలను ఇది సిరా లెక్కలుగా మారుస్తుంది.

మూడోది ముద్రించే ఇంజను. నీలి, గులాబీ, పసుపు, నలుపు అనే నాలుగు రంగుల పొడి, ఒక్కో రంగుకు ఒక్కో డ్రమ్ము ఇందులో ఉంటాయి. లేజర్ కిరణం డ్రమ్ము మీద బొమ్మ గీస్తుంది, గీసినచోట పొడి అంటుకుంటుంది. నాలుగు రంగులూ ఒకదానిపై ఒకటి పడి కాగితానికి ఎక్కుతాయి. చివర వేడి రోలరు ఆ పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది. దుకాణంలో చేతికిచ్చిన ప్రతి వెచ్చగా ఉండడానికి కారణం ఇదే. నాలుగోది బయటి సంబంధం, అంటే నెట్‌వర్క్ తీగ, వై-ఫై, పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రం, ఫోను తీగ.

పట్టణాలలో ఫ్లెక్సీలు, రంగుల పుస్తకాలు వేసే పెద్ద డిజిటల్ ప్రెస్సులలో ఈ మెదడు యంత్రం పక్కన వేరే పెట్టెగా కూడా ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ ఫర్ ఇమేజింగ్ అనే అమెరికా కంపెనీ 1991లో తెచ్చిన ఫైరీ కంట్రోలర్లు ఈ పనికి ప్రసిద్ధి పొందాయి. అటువంటి పెట్టెలలో కొన్ని విండోస్ మీద, కొన్ని లైనక్స్ మీద నడుస్తాయి. అంటే మామూలు కంప్యూటరుకు పట్టే జబ్బులు వాటికీ పట్టవచ్చు. కంప్యూటరుకు వైరస్ మందు వేయించే యజమానులు సైతం పక్కనున్న ముద్రణ యంత్రాన్ని కుర్చీ, బల్ల లాంటి సామానుగానే చూస్తుంటారు.

అమ్మిన యంత్రంలో పోలీసు కాగితాలు

మన కాగితం యంత్రంలో మిగులుతుందా అనే ప్రశ్నకు 2010లో అమెరికాలో గట్టి జవాబు దొరికింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సీబీఎస్ అనే టెలివిజన్ సంస్థ విలేకరులు న్యూజెర్సీలోని ఒక గోదాములో వాడి వదిలేసిన నాలుగు కాపీ యంత్రాలు కొన్నారు. ఒక్కోదానికి సుమారు 300 డాలర్లు పెట్టారు. వాటిలోని హార్డ్ డిస్కులు ఊడదీసి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో వెతికించారు. వేలకొద్దీ కాగితాలు బయటపడ్డాయి.

ఒక యంత్రం బఫెలో నగర పోలీసు శాఖది. అందులో లైంగిక నేరాల ఫిర్యాదుల వివరాలు ఉన్నాయి. అదే శాఖకు చెందిన రెండో యంత్రంలో మాదక ద్రవ్యాల దాడికి గురిపెట్టిన వారి జాబితా దొరికింది. మూడోది న్యూయార్క్‌లోని ఒక నిర్మాణ సంస్థది. అందులో పనివారి పేర్లు, జీతాల చీటీలు ఉన్నాయి. నాలుగోదానిలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థకు చెందిన 300 పేజీల వైద్య వివరాలు ఉన్నాయి. ఆ సంస్థ అద్దెకు తెచ్చుకున్న యంత్రాలను డిస్కు తుడవకుండానే తిరిగి ఇచ్చేసింది. 3,44,579 మంది వివరాలు బయటపడి ఉండవచ్చని లెక్క తేలింది. చివరకు 2013 ఆగస్టులో ఆ సంస్థ అమెరికా ఆరోగ్య శాఖకు 12,15,780 డాలర్లు చెల్లించి రాజీపడవలసి వచ్చింది.

డిస్కులోని కాగితాన్ని తొలగించినా మళ్లీ ఎలా దొరుకుతుందన్న సందేహం రావచ్చు. రికార్డు గదిలో ఏ కట్ట ఏ బీరువాలో ఉన్నదో రాసుకున్న సూచిక పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకంలో ఒక పేజీ చించేస్తే కట్ట దొరకడం కష్టమవుతుందే గాని కట్ట మాయం కాదు. డిస్కులో తొలగింపు అంటే సాధారణంగా ఆ పేజీ చించడమే. ఆ చోట వేరే కాగితం వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. ఓపికగా బీరువాలన్నీ వెతికేవాడికి దొరుకుతుంది.

అందుకే తయారీదారులు రెండు ఉపాయాలు చేర్చారు. పని ముగియగానే ఆ చోట వేరే అంకెలు రాసి పాతదాన్ని చెరిపివేయడం ఒకటి. డిస్కులో రాసేదంతా రహస్య లిపిలో రాసి, తాళంచెవి యంత్రంలోనే వేరేచోట దాచడం రెండోది. ఇలా చేస్తే డిస్కు ఊడదీసి పట్టుకుపోయినా చదవడానికి వీలుండదు. కాని కొన్ని యంత్రాలలో ఈ సదుపాయాలను యజమాని స్వయంగా తెరిచి పెట్టుకోవాలి. పెట్టకపోతే ఉన్నా లేనట్టే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. దుకాణాలలోని చిన్న యంత్రాలన్నిటిలోనూ హార్డ్ డిస్కు ఉండదు. చాలావాటిలో తాత్కాలిక మెమరీ మాత్రమే ఉంటుంది. కరెంటు పోతే అందులోది పోతుంది. పెద్ద కార్యాలయాలు వాడి అమ్మేసిన భారీ యంత్రాలు చేతులు మారి వచ్చినప్పుడు మాత్రం ఈ ప్రమాదం ఎక్కువ.

అంకె మారితే ఎకరం మారుతుంది

కాగితం దొంగిలించకపోయినా యంత్రమే తప్పు చేస్తే? ఇది 2013లో జర్మనీలో జరిగింది. డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు ఒక ఇంటి ప్లానును జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేసిన సందర్భాన్ని పరిశీలించాడు. అసలు ప్లానులో మూడు గదుల వైశాల్యం 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్ చేసిన ప్రతిలో మూడు గదులకూ 14.13 అనే వచ్చింది. అక్షరాలు చెదరలేదు, మసక బారలేదు. తప్పు అంకె ముత్యంలా అచ్చయింది. కంటికి ఏ అనుమానమూ రాదు.

కారణం వెతకగా లోపలి అమరికలోనే దొరికింది. ఫైలు చిన్నదిగా ఉండాలని ఆ యంత్రం ఒకే రకంగా కనబడే ముక్కలను ఒక్కసారే దాచుకుని, మిగతాచోట్ల దానినే అతికిస్తుంది. అచ్చు కూర్చేవాడు ఒకే సీసపు అక్షరాన్ని పదిచోట్ల వాడినట్టన్నమాట. అయితే చిన్న అచ్చులో 6, 8 ఒకేలా కనబడినప్పుడు 6 ఉండవలసినచోట 8ని అతికించింది. మొదట నాణ్యత తగ్గించి పెట్టుకున్నప్పుడే ఇలా జరుగుతుందని కంపెనీ చెప్పినా, ఇతర అమరికలలోనూ తప్పు వస్తున్నదని తరువాత తేలింది. అదే ఏడాది దిద్దుబాటు సాఫ్ట్‌వేర్ విడుదల చేశారు. ఈ తప్పు స్కాన్ చేసి ఫైలుగా దాచినప్పుడు వచ్చేదే గాని, నేరుగా నకలు తీసినప్పుడు కాదు.

మనకు దీనితో ఏం పని అనుకోరాదు. సర్వే నంబరు 186 కాస్తా 188 అయితే పొరుగువాడి పొలం మన పేర వస్తుంది, మన పొలం మూడోవాడి పేర పోతుంది. 6 గుంటలు 8 గుంటలైతే గట్టు తగాదా కోర్టుకెక్కుతుంది. బ్యాంకు ఖాతా నంబరులో ఒక్క అంకె తేడా వస్తే పంట నష్టపరిహారం ఎవరికో జమ అవుతుంది. అందుచేత స్కాన్ ప్రతి ఎంత అందంగా ఉన్నా అంకెలను అసలుతో పోల్చి చూసుకున్న తరువాతే దాఖలు చేయాలి.

నోటు పెడితే యంత్రం మొరాయిస్తుంది

రంగుల నకళ్లు వచ్చిన కొత్తలో ప్రభుత్వాలన్నిటికీ పట్టుకున్న భయం దొంగనోట్లు. దానికి విరుగుడుగా యంత్రాల మెదడులోనే కాపలా పెట్టారు. 2002లో మార్కస్ కూన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక కలర్ కాపీ యంత్రం యూరో నోట్లను నకలు తీయడానికి ఎందుకు నిరాకరిస్తున్నదో పరీక్షించాడు. నోటు మీద అయిదు చిన్న వలయాలు నక్షత్రాల గుంపులాగా అమర్చి ఉన్నాయని, వాటిని చూడగానే యంత్రం ఆగిపోతున్నదని కనుగొన్నాడు. ఎన్నో దేశాల నోట్లమీద ఈ వలయాల గుర్తు ఉంది.

రెండో కాపలా మరీ విచిత్రమైనది. చాలా కలర్ లేజర్ యంత్రాలు ముద్రించే ప్రతి పేజీ మీదా కంటికి కనబడని పసుపు చుక్కలు చల్లుతాయి. తెల్ల కాగితం మీద లేత పసుపు కనుక మామూలు వెలుగులో కనబడవు. నీలి దీపం కింద భూతద్దం పెడితే నల్లగా తేలతాయి. 2005లో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా సంస్థవారు జిరాక్స్ డాక్యూకలర్ యంత్రాల చుక్కల గుట్టు విప్పారు. అడ్డంగా 15, నిలువుగా 8 చొప్పున గళ్లలో ఉండే ఆ చుక్కలలో యంత్రం సీరియల్ నంబరు, ముద్రించిన తేదీ, గంట, నిమిషం ఉన్నాయని తేల్చారు. అంటే ప్రతి పేజీ మీదా యంత్రం తన వేలిముద్ర వేస్తున్నదన్నమాట.

2017లో ఈ సంగతి మళ్లీ ప్రపంచం నోట పడింది. అమెరికా రహస్య సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం చేసే రియాలిటీ విన్నర్ అనే యువతి ఒక రహస్య నివేదికను పత్రికకు పంపింది. పత్రిక ప్రచురించిన ప్రతిలోని చుక్కలను చదివినవారు, అది 2017 మే 9న ఉదయం 6.20కి ముద్రితమైందని చెప్పగలిగారు. అయితే ఆమెను పట్టించింది చుక్కలేనని అనడానికి లేదు. ఆ కాగితాన్ని ఎవరెవరు ముద్రించారో కార్యాలయం కంప్యూటరులో నమోదై ఉంది. ఆ ఆరుగురిలో పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు ఉన్నది ఆమె ఒక్కతేనని దర్యాప్తు అధికారులు కోర్టుకు తెలిపారు. 2018 ఆగస్టులో ఆమెకు 5 ఏళ్ల 3 నెలల జైలు శిక్ష పడింది.

మన దేశంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 178వ సెక్షన్ ప్రకారం దొంగనోట్ల తయారీకి యావజ్జీవం లేదా 10 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. నాటకానికో, పిల్లల ఆటకో అనుకుని నోటును పోలిన కాగితం ముద్రించినా 182వ సెక్షన్ కింద జరిమానా తప్పదు. కుర్రకారు వేడుకకు అడిగినా దుకాణదారులు ఇటువంటి పనికి ఒప్పుకోరాదు.

తీగ వెంట వచ్చే దొంగ

నెట్‌వర్క్ తీగ తగిలించిన యంత్రానికి ఊరి పొలిమేర అంటూ ఉండదు. 2018 నవంబర్ చివరలో ప్రపంచమంతటా సుమారు 50,000 ప్రింటర్లు ఉన్నట్టుండి ఎవరూ అడగని కాగితాలు కక్కాయి. ఒక యూట్యూబ్ గాయకుడో, నాయకుడో కాదు, వినోదాల వీడియోలు చేసే ఒకాయనకు చందాదారులుగా చేరమని వాటిలో రాసి ఉంది. తాళం లేని తలుపుల వంటి ప్రింటర్లను ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని ఒక ఆకతాయి చేసిన పని అది. అల్లరితో సరిపోయింది గనుక నవ్వుకున్నారు. అదే దారిన దొంగ వస్తే నవ్వులు ఉండవు.

అంతకుముందు 2011లోనే కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక హెచ్చరిక చేశారు. కొన్ని హెచ్‌పీ లేజర్ ప్రింటర్లు తమ లోపలి సాఫ్ట్‌వేర్ మార్చమని వచ్చే ఆదేశం నిజంగా కంపెనీ నుంచే వచ్చిందా అని పరీక్షించకుండానే ఒప్పుకుంటున్నాయని వారు చూపించారు. ముద్రించమని పంపిన ఫైలులోనే ఆ మాయ ఆదేశం దాచి పంపవచ్చని నిరూపించారు. కంపెనీ ఆ ఏడాది చివరలో దిద్దుబాట్లు విడుదల చేసింది. ఇప్పుడు మంచి యంత్రాలు కంపెనీ డిజిటల్ సంతకం ఉంటే తప్ప కొత్త సాఫ్ట్‌వేర్‌ను లోపలికి రానివ్వడం లేదు. తహశీల్దారు సంతకం, ముద్ర లేని ఉత్తర్వును గ్రామ రెవెన్యూ అధికారి తోసిపుచ్చినట్టే ఇది.

ప్రింటరు చిన్న వస్తువు, దానితో ఏమవుతుందనేవారు బంగ్లాదేశ్ ఉదంతం తెలుసుకోవాలి. 2016 ఫిబ్రవరి మొదటి వారంలో ఢాకాలోని ఆ దేశపు కేంద్ర బ్యాంకులో ఒక ప్రింటరు ఆగిపోయింది. విదేశాలకు పోయే సొమ్ము తాలూకు సందేశాలన్నీ రాత్రింబవళ్లు ముద్రించవలసిన ప్రింటరు అది. మామూలు మరమ్మతు అనుకుని సిబ్బంది పట్టించుకోలేదు. నిజానికి దానిని మూగబోయేటట్టు చేసినవారు కంప్యూటరు దొంగలు. న్యూయార్క్‌లోని బ్యాంకు ఖాతా నుంచి 95 కోట్ల డాలర్లకు పైగా తరలించాలని చూశారు. చాలా భాగం ఆగింది గాని, 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు పోయాయి. ప్రింటరును మళ్లీ నడిపించేసరికి న్యూయార్క్ నుంచి వచ్చిన ప్రశ్నలు ఒక్కసారిగా బయటపడ్డాయి. అప్పటికే ఆలస్యమైపోయింది.

మన దగ్గర అసలు ముప్పు బల్ల మీదే ఉంది

విదేశాల కథలు అలా ఉండగా, మన పల్లెలలో ముప్పు యంత్రం కడుపులో కంటే దాని పక్కనున్న బల్ల మీదే ఎక్కువ. నేడు చాలామంది కాగితం తీసుకుపోవడం లేదు. "అన్నా, వాట్సాప్‌లో పెట్టిన, రెండు తియ్యి" అంటున్నారు. ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం ఫొటోలు దుకాణం ఫోనుకు పోతాయి, అక్కడినుంచి కంప్యూటరులోకి దిగుతాయి. ప్రతి చేతికి రాగానే డబ్బులిచ్చి వెళ్లిపోతారు. ఫైలు మాత్రం అక్కడే ఉంటుంది. సాయంత్రానికి అటువంటివి వందలు పేరుకుంటాయి. దుకాణదారుడు మంచివాడే కావచ్చు. కాని ఆ కంప్యూటరు మరమ్మతుకు పోతుంది, ఆ ఫోను అమ్ముడవుతుంది, పనికుర్రాడు మారతాడు.

పెన్‌డ్రైవుల సంగతీ అంతే. రోజుకు పదిమంది పెన్‌డ్రైవులు ఒకే కంప్యూటరులో పెడతారు. ఒకదానిలోని వైరస్ మిగతా తొమ్మిదింటికీ ఎక్కుతుంది. ఇక సరిగా రాని ప్రతులు బుట్టలో పడతాయి. అవి తూకానికి పోయి మిరపకాయ బజ్జీల పొట్లాలుగా తిరిగి వచ్చిన సందర్భాలు తెలియనివారు ఉండరు.

నకలు కాగితమే కదా అని తేలికగా తీసుకోరాదని చెప్పడానికి దూరం పోనక్కరలేదు. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూముల దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు, ఆధార్ నంబర్లు తీసి, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో నకిలీ వేలిముద్రలు తయారుచేసి, వాటితో వేలకొద్దీ సిమ్ కార్డులు చాలు చేశాడని పోలీసులు వెల్లడించారు. భూమి అమ్మినవారు, కొన్నవారు ఎక్కడివారో, వారి వేలిముద్ర పోయినదెక్కడికో! కాగితం మీద పడ్డ వేలిముద్రను రబ్బరు వేలిగా మార్చవచ్చని ఆనాటిదాకా పల్లెవాసులలో ఎవరూ ఊహించి ఉండరు.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఆధార్ జిరాక్సులు ఎవరికిపడితే వారికి ఇవ్వవద్దని ప్రకటించింది. అది జనంలో అపార్థాలకు దారితీయవచ్చంటూ కేంద్ర ప్రభుత్వం రెండు రోజులకే ఉపసంహరించింది. మామూలు జాగ్రత్త పాటిస్తే చాలునని చెప్పింది. ఆ మామూలు జాగ్రత్త ఏమిటో పల్లెలకు వివరించి చెప్పేవారే కరువయ్యారు.

పాటించవలసిన జాగ్రత్తలు

కాగితం తీయించుకునేవారు ముందుగా చేయవలసింది, ప్రతి తీసేటప్పుడు దగ్గరే నిలబడడం. అద్దం కింద అసలు కాగితం మరిచిపోరాదు. పాడైన ప్రతులను చింపించాలి, లేదా వెంట తెచ్చుకోవాలి. వాట్సాప్‌లో పంపినవారు తమ ఫోనులో "అందరికీ తొలగించు" నొక్కడమే గాక, కంప్యూటరులో దిగిన ఫైలును, రీసైకిల్ బిన్‌ను కూడా తమ ఎదుటే ఖాళీ చేయమని అడగాలి. "తమ్ముడూ, మా ఫైలు తీసెయ్యి" అనడానికి మొహమాటం అక్కరలేదు. నకలు మీద అడ్డంగా ఏ పనికి ఇస్తున్నదీ, ఏ తేదీనో రాసి సంతకం చేయడం పాత అలవాటు. అది మంచి అలవాటు. పూర్తి నంబరు అక్కరలేనిచోట చివరి 4 అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. వేలిముద్రలకు తాళం వేసుకునే సదుపాయం ఆధార్ సంస్థ ఉచితంగా ఇస్తున్నది. రేషనుకో, బ్యాంకుకో వేలిముద్ర అవసరమైనప్పుడు ఆ తాళం తీసుకోవచ్చు.

దుకాణదారులు యంత్రం కొన్ననాడే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చుకోవాలి. డిస్కు ఉన్న యంత్రమైతే రహస్య లిపి, చెరిపివేత సదుపాయాలు తెరిచి పెట్టమని మెకానిక్‌ను అడగాలి. పాత యంత్రం కొన్నా, అమ్మినా డిస్కు తుడిపించకుండా చేతులు మార్చరాదు. యంత్రాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచరాదు. కంపెనీ పంపే దిద్దుబాట్లు వేయించాలి. రోజూ దుకాణం కట్టేముందు ఆనాటి ఫైళ్లు తీసివేయడం, గల్లా లెక్క చూసుకున్నంత నియమంగా జరగాలి.

మండల కార్యాలయాలు, బ్యాంకులు, ఆసుపత్రులలో అద్దె యంత్రాలు వాడుతున్నచోట, గడువు ముగిశాక డిస్కు ఎవరి దగ్గర ఉండాలన్నది ఒప్పందంలోనే రాయించుకోవాలి. రహస్యమైన కాగితం ముద్రించేటప్పుడు, యంత్రం దగ్గరకు పోయి నంబరు నొక్కితేనే బయటకు వచ్చే ఏర్పాటు నేటి యంత్రాలలో ఉంది. దానిని వాడుకుంటే పింఛను జాబితాలు, రోగుల వివరాలు ట్రేలో అనాథల్లా పడి ఉండవు.

ఎవరి ఖాతానుంచైనా తెలియకుండా డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆపడానికి అంత వీలుంటుంది.

కలర్ జిరాక్స్ యంత్రం పల్లెకు మేలు చేసింది, అందులో సందేహం లేదు. దానిని చూసి భయపడవలసిన పనీ లేదు. పొలం గట్టున మోటారుకు పెట్టె కట్టి తాళం వేసుకునే రైతు, పొలం కాగితాలకూ అంతటి తాళం వేసుకోవాలి. మండల స్థాయిలో అధికారులు జిరాక్స్ దుకాణదారులను, మీసేవ నిర్వాహకులను ఒకచోట కూర్చోబెట్టి ఈ నాలుగు సంగతులు చెబితే ఒక్క పూటలో అయ్యే పని. ఆ పూట ఎప్పుడు వస్తుందా అని జనం ఎదురుచూస్తున్నారు.